అవతలి ఒడ్డున మన నేల

ప్రతి బుధవారం సాయంత్రం వెర్నా హస్టెడ్ చర్చి కింది గదిలోకి దిగి ముందు కాఫీ పెట్టేది. తర్వాత మడత కుర్చీలు విప్పి వేసేది. ఆ తర్వాతే బల్ల మీద హాజరు పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకుని కూర్చునేది. ముప్ఫై ఎనిమిదేళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ఈ వరస ఎన్నడూ మారలేదు. ఏడింటికి యువజన బృందం పిల్లలు మెట్లు అదరగొడుతూ దిగుతారు. ఆవిడ పేర్లు పిలుస్తుంది, వాళ్లు "ఉన్నాను" అంటారు. పదిహేనేళ్ల పిల్లలకి హాజరేమిటని మొదట్లో నవ్వుకున్నారు. పేరు పెట్టి పిలవకపోతే కొందరు పిల్లలు మూల కూర్చుని, వచ్చిన సంగతే ఎవరికీ తెలియకుండా వెళ్లిపోతారని వెర్నాకి అనుభవం. అందుకే నవ్వినా మానలేదు.

ఆ మే నెల చివరి బుధవారం వాళ్ల ముందున్న పని డేరాల పంపకం. జూన్ మూడో వారంలో నది అవతల రెండు రాత్రుల శిబిరం. అక్కడ బక్‌హార్న్ పార్కు ఉంది. మేడల కన్నా ఎత్తయిన చెక్క రోలర్ కోస్టరు, నీటి జారుడుబల్లలు, జనం కూర్చుంటే గిరగిర తిరిగే పెద్ద కప్పులు. పార్కు కంచెని ఆనుకుని డేరాలు వేసుకునే మైదానం. పగలంతా పార్కులో తిరగడం, సాయంత్రం మంట చుట్టూ చేరి సాసేజీలు కాల్చుకోవడం. పదకొండు మంది పిల్లలు, నాలుగు డేరాలు. ఎవరు ఎవరి పక్కన పడుకోవాలో తేలేసరికి కాఫీ రెండుసార్లు చల్లారింది.

"మిస్ వెర్నా, గ్రేడీ పక్కన పడుకోమంటే నేను నదిలో పడుకుంటా. వాడు నిద్రలో పాటలు పాడతాడు," అన్నాడొకడు.

"మంచి పాటలేగా," అన్నాడు గ్రేడీ.

చివరికి ఒక పిల్లకి చోటు మిగల్లేదు. మెట్ల కింద చుట్టి పడేసిన పాత కాన్వాసు గుడారాన్ని గ్రేడీ కాలితో తట్టి, దీన్ని తీస్తే సరి కదా అన్నాడు. అందరూ ఒక్కసారిగా మూలిగారు.

ఆ గుడారం సంగతి హాన్లీ లాండింగ్‌లో అందరికీ తెలిసిందే. డెబ్భై ఏళ్ల కింద చర్చి కాలిపోయిన వేసవిలో ఊరి ఆడవాళ్లు కూర్చుని దాన్ని కుట్టారు. కొత్త చర్చి లేచేదాకా వెనకున్న పచ్చిక మీద దాన్ని నిలబెట్టి, పిల్లల ఆదివారం బడి అందులోనే నడిపారు. దానికి కింద గుడ్డ లేదు, వట్టి నేలే. అప్పట్నుంచీ దాన్ని ఎక్కడ వేసినా లోపల ఉండేది ఆ పచ్చికే. కొండ మీద వేసినా, ఇసుకలో వేసినా, ముందున్న గుడ్డ ఎత్తి అడుగు పెడితే చర్చి వెనకాల గడ్డి, అందులో తెల్లటి గడ్డిపూలు, ఎడమ మూల చీమల పుట్ట. లోపల మర్చిపోయిన చెంచాలూ మేజోళ్లూ గుడారం విప్పేశాక చర్చి వెనక దొరుకుతాయి. చర్చి పచ్చిక చూసుకునే ఓరెన్ ఇక్కడ గడ్డి కోస్తే అక్కడ గుడారంలో గడ్డి పొట్టిదవుతుంది. అందుకే దాన్ని పదేళ్లుగా ఎవరూ తీయలేదు. అంత దూరం పోయి మళ్లీ ఇంటి నేల మీదే పడుకోవడమేమిటన్నది పిల్లల ఫిర్యాదు. నిజమే కదా.

"అక్కర్లేదులెండి. రెండో డేరాలో మేం కొంచెం సర్దుకుంటాం," అంది ట్రెస్సా.

డేరాల పటం గీస్తున్నది ఆ పిల్లే. పద్నాలుగేళ్లు. గుండ్రని దస్తూరీ. తల్లి చూసుకోలేని స్థితిలో ఉంటే ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుని, కిందటి చలికాలం ఈ ఊళ్లో టాల్బర్ట్ దంపతుల ఇంట్లో ఉంచింది. వాళ్లు మంచివాళ్లు. ఆ పిల్ల గదిలో రెండు మంచాలు వేశారు, ఒకటి ఖాళీ. ట్రెస్సా నోరు తెరిచి ఏదీ అడిగే రకం కాదు. ఈ శిబిరం గురించి మాత్రం వెర్నాని ఒక్కటి అడిగింది, చెల్లెల్ని ఒక రాత్రి రానిస్తారా అని. తొమ్మిదేళ్ల చెల్లెలు జూనీ అవతలి ఒడ్డున, ఆ పార్కున్న ఊళ్లోనే, చెల్లెలి నాన్న తరఫు అత్త రీబా దగ్గర పెరుగుతోంది. తల్లి ఒకటే, తండ్రులు వేరు. అందుకే అధికారులు ఒకర్ని అటూ ఒకర్ని ఇటూ పంపారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని రెండేళ్లు కావస్తోంది. రీబా ఆ పార్కులోనే చిరుతిళ్ల దుకాణంలో పని చేస్తుంది. పని అయ్యేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు పిల్లని శిబిరానికి తీసుకొచ్చి ఒక్క రాత్రి అక్క దగ్గర వదిలిపెడతానని మాటిచ్చింది.

"తను మా ఇద్దరి మంచం మీద గోడ వైపు పడుకునేది," అని మాత్రం చెప్పింది ట్రెస్సా, అప్పుడు.

పటం మీద ట్రెస్సా పేరు పక్కన ఒక చిన్న పెట్టె ఖాళీగా ఉంది. అదెవరిదో వెర్నాకి తెలుసు. 

అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. చర్చి కమిటీ పెద్ద డ్వైట్ ప్రిట్చెట్ దిగాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. యాభై ఏళ్ల మనిషి, ఒకప్పుడు వెర్నా తరగతిలో మూడో వరస కుర్రాడు. చేతిలో ఒక కాగితం.

"మిసెస్ హస్టెడ్, ఒక చిన్న చిక్కు వచ్చింది."

"చిన్నదైతే నువ్వు మెట్లు దిగేవాడివి కాదు డ్వైట్. చెప్పు."

చిక్కు ఇదీ. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్ల జడ్జి సంతకం లేకుండా రాత్రిపూట రాష్ట్రం దాటి ఉండకూడదు. తొమ్మిది గంటలకల్లా ఇవతల ఉండాలి. ఉండాలనుకుంటే ముప్ఫై రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. శిబిరానికి ఇంక ఇరవై మూడు రోజులే ఉంది.

ఇక్కడ తప్పెవరిదో చెప్పాలి. హాన్లీ లాండింగ్ వాళ్లకి నది ఒక వీధితో సమానం. పన్ను పీకించుకోవడానికి అవతలి ఒడ్డుకి పోతారు, బూట్లు అక్కడే కొంటారు, సగం మందికి అత్తవారిళ్లు అక్కడే. నది దగ్గర ఇండియానా అయిపోయి కెంటకీ మొదలవుతుందని బళ్లో పటం మీద గీత గీసి చూపించిందే వెర్నా. ఆ వెర్నాయే శిబిరం తేదీ వేసేటప్పుడు ఆ గీతని మర్చిపోయింది. ఊళ్లో ఎవరైనా అలాగే మర్చిపోయేవారు. కానీ తేదీ వేసింది ఆవిడ. అందుకే కోపం ముందు తన మీద తనకే వచ్చింది, తర్వాత డ్వైట్ మీద.

"వచ్చే ఏడాది ముందుగానే పెట్టుకుందాం. నియమం కదండీ, నేనేం చేయను," అన్నాడు డ్వైట్.

"నియమం నీకు చుట్టమా డ్వైట్, అంత ముద్దుగా చెబుతున్నావు?"

పిల్లలు నవ్వబోయి ఆగారు. ఎందుకంటే ట్రెస్సా అప్పటికే రబ్బరు తీసుకుని పటం మీద తన పేరు చెరుపుతోంది. గుండ్రని అక్షరాలు ఒక్కొక్కటే, కాగితం చిరగకుండా, శ్రద్ధగా.

"ఏం పర్లేదు మిస్ వెర్నా. నాకు అలవాటే," అంది.

ఆ మాటకి వెర్నాకి ఒళ్లు మండింది. పద్నాలుగేళ్ల పిల్ల చేత ఆ మాట అనిపించిన వాళ్లెవరో అందరి మీదా మండింది. లేచి వెళ్లి ఆ పిల్ల చేతిలోంచి రబ్బరు తీసుకుంది.

"నా పట్టీలో పేరు నేను చెరపాలి. ఇంకెవరూ చెరపకూడదు. మళ్లీ రాయి."

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ పిల్లల సంక్షేమ కార్యాలయం తలుపు దగ్గర నిలబడి ఉంది. ట్రెస్సా వ్యవహారాలు చూసే అమ్మాయి కెండ్రా పూల్ తాళం తీస్తూ ఆవిణ్ణి చూసి, చిన్నప్పుడు హోంవర్కు తేనప్పుడు ఎలా తల దించుకునేదో అలాగే దించుకుంది. కెండ్రా కూడా నాలుగో తరగతిలో వెర్నా దగ్గరే చదివింది. బల్ల మీద యాభై మూడు ఫైళ్లు. ఒక్కో ఫైలూ ఒక్కో పిల్ల. ఆ సంగతి కెండ్రా ఎవరూ అడక్కుండానే చెప్పింది.

జడ్జి ఒక్క సంతకం పెట్టలేడా అని వెర్నా అడిగింది. ముప్ఫై రోజుల లోపు దరఖాస్తుని గుమస్తా జడ్జి బల్ల దాకా పోనివ్వడు. పోనీ ఇంకో తేదీ చూసుకుంటామంటే, వేసవంతా ఆ మైదానంలో ఖాళీ లేదు. పోనీ కారులో పంపి అక్కాచెల్లెళ్లని ఒక పూట కలపలేరా అంటే, దానికి రెండు రాష్ట్రాల ఫారాలు కావాలి, అవి ఏడాదిగా ఎక్కడో తిరుగుతున్నాయి. అన్నీ చెప్పాక కెండ్రా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఆగస్టుకి రెండేళ్లు నిండుతాయి. రెండేళ్లలో ఒక్కసారైనా కలవకపోతే అక్కాచెల్లెళ్ల ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత ట్రెస్సాని ఎక్కడికి పంపాలన్నా, జూనీని ఎవరికి ఇవ్వాలన్నా, ఒకరికి ఇంకొకరున్నారన్న మాట కాగితంలో ఉండదు.

వెర్నా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఒకటొకటిగా చెప్పు కెండ్రా. వాళ్లని విడదీసింది ఎవరు?"

"మా ఆఫీసే."

"కలవనివ్వకుండా ఆపింది?"

"ఫారాలు… మా ఆఫీసే."

"కలవలేదు కాబట్టి ఒకరికొకరు ఏమీ కారని రాయబోయేది?"

"మేమే, మిసెస్ హస్టెడ్."

"నాలుగో తరగతిలో నువ్విలాంటి లెక్క చేసుంటే సున్నా వేసి మీ అమ్మని పిలిపించేదాన్ని."

కెండ్రా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అమ్మాయి చెడ్డది కాదు. చెడ్డవాళ్లు లేకుండానే ఇంత అన్యాయం ఎలా జరుగుతుందో వెర్నాకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్ల కోపం ఇంకా పెరిగింది. నియమాల పుస్తకం తీయమంది. ఆ వాక్యం పైకి చదవమంది. తరగతిలో చదివించినట్టే రెండుసార్లు చదివించింది.

"రాత్రి తొమ్మిది గంటల నుంచి ఉదయం ఆరు గంటల వరకు పిల్ల ఉండే స్థలం ఈ రాష్ట్రపు నేల అయి ఉండాలి."

 కిటికీ బయట ఎవరో గడ్డి కోస్తున్నారు. ఆ యంత్రం చప్పుడు వింటూ వింటూ కెండ్రా తలెత్తింది.

"ఆ పాత గుడారం ఇంకా ఉందా అండీ?"

"మెట్ల కింద ఉంది."

"చిన్నప్పుడు నా ఎడమ బూటు అందులోనే పోయింది. మూడో రోజు చర్చి వెనక దొరికింది." కెండ్రా నియమాల పుస్తకం మూసింది. "తెల్లారేసరికి మా ఆఫీసు వాళ్లెవరైనా వెళ్లి, పిల్ల రాష్ట్రం లోపలే ఉందని కళ్లారా చూసి సంతకం పెట్టాలి."

"ఎవరైనా అంటే?"

"అంటే నేనే."

ఆ తర్వాత మూడు వారాలూ వెర్నా ఊళ్లో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకున్నారు. గుడారాన్ని బయటికి తీయించి, ఎండలో ఆరబెట్టించి, ఎలుకలు కొరికిన చోట మాసిక వేయించింది. చర్చి వెనక పచ్చికలో గుడారం పట్టేంత మేర నాలుగు మేకులు కొట్టి చుట్టూ తాడు కట్టింది. గడ్డి కోసే ఓరెన్‌ని పిలిచి, శిబిరం అయ్యేదాకా ఆ చదరం లోపల యంత్రం పెట్టొద్దని, నీళ్లు చల్లే గొట్టం అటు తిప్పొద్దని చెప్పింది. చెవుడు కాస్త ఉన్న ఓరెన్ అంతా విని, చీమల పుట్టలో మందు పోయనా అని అడిగాడు. పోయమంది.

డ్వైట్‌కి ఇదంతా నచ్చలేదు. శిబిరం నడిచే శనివారం పొద్దున మగవాళ్ల పాన్‌కేకుల ఫలహారం ఆ పచ్చిక మీదే జరగాలి, ఏటా అక్కడే జరుగుతోంది. పైగా ఏదైనా ప్రమాదం జరిగితే ఏ ఇన్సూరెన్సు కిందికి వస్తుందన్నాడు.

"నేల మనది, గుడ్డ మనది, పిల్ల మనది," అంది వెర్నా. "ఇందులో ఏది మనది కాదంటావో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం. పాన్‌కేకులు ముందు వాకిట్లో తింటే అరగవా?"

డ్వైట్ బల్లలు ముందు వాకిట్లోకి మార్పించాడు. మొహం మాత్రం మార్చుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి వాళ్లు అవతలి ఒడ్డున ఉన్నారు. నైలాను డేరాలు నాలుగు అరగంటలో లేచాయి. కాన్వాసు గుడారం లేపడానికి ఆరుగురు పిల్లలు, వెర్నా, బోలెడు తిట్లు కావాల్సివచ్చాయి. మైదానంలో నేల ఎర్రటి కంకర. గుడారం నిలబడ్డాక ముందు గుడ్డ ఎత్తి చూస్తే లోపల మోకాలెత్తు గడ్డి, తెల్ల పూలు, మొన్న ఓరెన్ పోసిన చీమల మందు. పక్క డేరా వేసుకున్న ఒహాయో కుటుంబం తండ్రి తొంగి చూసి, మీ ఊళ్లో వానలు బాగానే పడ్డట్టున్నాయే అన్నాడు. వెర్నా అవునంది.

పగలంతా ట్రెస్సా పార్కులో అందరితో పాటే తిరిగింది, కానీ ఏదీ ఎక్కలేదు. సాయంత్రం ఏడింటికే వచ్చి మైదానం గేటు దగ్గర దిమ్మ మీద కూర్చుంది. ఎనిమిదింపావుకి రీబా కారు ఆగింది. రీబా ఇంకా దుకాణం టోపీలోనే ఉంది, చేతులకి నూనె వాసన. వెనక తలుపు తెరుచుకుని జూనీ దిగింది. సన్నటి కాళ్లు, జుట్టుకి ఆకుపచ్చ క్లిప్పు.

ఇద్దరూ పరుగెత్తలేదు. కొంచెం దూరంలోనే ఆగిపోయారు, కొత్తవాళ్లని చూసినట్టు.

"పొడుగైపోయావు," అంది జూనీ, తప్పు పట్టినట్టు.

"నీ పళ్లన్నీ వచ్చేశాయి."

"ఎప్పుడో వచ్చాయి. నువ్వు లేవు."

 ట్రెస్సా చెల్లెలి చేతి సంచీ తీసుకుంది. రీబా వెర్నా పక్కకొచ్చి నిలబడి, రెండు షిఫ్టులు చేస్తున్నానని, పిల్ల పొద్దంతా టీవీ ముందు ఒంటరిగా ఉంటోందని, తను చేసేది చాలదని తెలుసని చెప్పింది. ఎవరూ అడక్కుండానే జనం వెర్నాకి ఇలాంటివి చెప్పుకుంటారు. ఆవిడ రీబా చేతిలో ఒక కాఫీ కప్పు పెట్టింది.

తొమ్మిదికి పది నిమిషాలుండగా అక్కాచెల్లెళ్లు గుడారంలోకి వెళ్లారు. పార్కు మూయడానికి ఇంకా గంట ఉంది. కంచె అవతల రోలర్ కోస్టరు దిగినప్పుడల్లా మైదానం అంతా అదురుతోంది, డేరాల మేకులు కదులుతున్నాయి. వెర్నా హాజరు పుస్తకం పట్టుకుని గుడారంలోకి ఒక కాలు పెట్టింది. లోపలి కాలి కింద అదురు లేదు. అది ఊరి నేల, ఊళ్లో అప్పుడు అంతా నిశ్శబ్దం. ఒక కాలు వణుకుతూ ఒక కాలు నిలకడగా, అలాగే నిలబడి పేర్లు పిలిచింది. డేరాల్లోంచి ఒక్కొక్కరే పలికారు.

"ట్రెస్సా."

"ఉన్నాను."

పుస్తకం మూయబోతుంటే జూనీ దుప్పట్లోంచి తల బయటపెట్టింది. "నా పేరు పిలవరేం?"

"నువ్వీ పట్టీలో లేవు కదమ్మా."

జూనీ మళ్లీ దుప్పట్లోకి దూరింది. గోడ లేదు కాబట్టి కాన్వాసు వైపు తిరిగి పడుకుంది. వెర్నా గుడ్డ దించి బయటికొచ్చింది. 

తెల్లారి జరిగింది ఓరెన్ ఫోనులో చెప్పాడు. ఆరింటికి కెండ్రా వచ్చింది, నిద్రమొహంతో, చేతిలో ఫారంతో. పచ్చికంతా పొద్దుటి మంచు చెమ్మ తెల్లగా పట్టి ఉంది. తాడు కట్టిన చదరంలో మాత్రం రెండు చోట్ల మంచు లేదు. ఒక పొడుగాటి ఆకారం, దాన్ని ఆనుకుని ఒక పొట్టి ఆకారం, గడ్డి నొక్కుకుపోయి ఉంది. కెండ్రా మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉందట. ఫారం మీద సంతకం పెట్టాక కూడా కెండ్రా లేవలేదని, పాన్‌కేకుల వాళ్లు వచ్చి పిలిచేదాకా అక్కడే కూర్చుందని ఓరెన్ చెప్పాడు. డ్వైట్ ఒక పళ్లెం తెచ్చి ఆమె పక్కన పెట్టాడట.

రెండో రాత్రికీ కెండ్రా అలాగే సంతకం పెట్టింది. ఆదివారం గుడారం విప్పాక జూనీ ఆకుపచ్చ క్లిప్పు చర్చి వెనక గడ్డిలో దొరికింది. ట్రెస్సా దాన్ని రుమాల్లో చుట్టి దాచుకుంది.

ఇంతటితో అయిపోయిందని వెర్నా అనుకుంది. జూలైలో కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క రాత్రి కలయికని బంధం కొనసాగుతున్నట్టుగా పరిగణించలేమని, క్రమం తప్పని కలయికలకు రుజువు చూపితే తప్ప ఫైలు ఆగస్టులో మూసివేయబడుతుందని అందులో ఉంది. కింద కెండ్రా సంతకం కాదు, పై అధికారిది. వెర్నా దాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఉత్తరం పైన ఇంత పెద్ద సున్నా చుట్టింది. తర్వాత కమిటీ సమావేశానికి వెళ్లింది.

అక్కడ ఆవిడ ప్రతిపాదన ఒక్క వాక్యం: పాత గుడారాన్ని అవతలి ఒడ్డున రీబా ఇంటి వెనక దొడ్లో వేసి ఉంచడానికి ఇవ్వాలి, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు.

డ్వైట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ ఆ పిల్ల మీద జాలి ఉంది మిసెస్ హస్టెడ్. కానీ చర్చి ఆస్తి రాష్ట్రం దాటకూడదని మన నిబంధనల్లో ఉంది."

"అది ఎప్పుడు దాటింది డ్వైట్?"

 వెర్నా గొంతు పెంచలేదు. తరగతిలో ఆఖరి బెంచీకి కూడా వినపడే ఆ మామూలు గొంతుతోనే చెప్పింది.

"డెబ్భై ఏళ్లలో దాన్ని ఎన్ని చోట్ల వేశాం? ఎక్కడ వేసినా అది మన పచ్చిక మీదే నిలబడింది. ఈ ఊరి వాళ్లం మనమే అటూ ఇటూ దాటి, ఎక్కడున్నామో మర్చిపోయాం. గుడ్డకున్న బుద్ధి కూడా మనకి లేకపోతే ఈ చర్చి ఎవరి కోసం?"

బలపరచడానికి ఓరెన్ చెయ్యి ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కటే లేచాయి. డ్వైట్ చెయ్యి అందరికన్నా చివర లేచింది. కానీ లేచింది, పూర్తిగా.

ఆగస్టు మొదటి బుధవారం నుంచి వెర్నా వరస మారింది. కాఫీ పెట్టి, కుర్చీలు వేసి, పెన్సిలు చెక్కాక, పుస్తకం పట్టుకుని మెట్లెక్కి చర్చి వెనక్కి వస్తుంది. అప్పటికే తాడు కట్టిన చదరంలో ట్రెస్సా వెల్లకిలా పడుకుని ఉంటుంది. పక్కన గడ్డి ఉన్నట్టుండి వంగుతుంది, ముందు మోచేతులంత, తర్వాత వీపంత. అంటే అక్కడ జూనీ వచ్చి గుడారంలో పడుకుందన్నమాట. ఒకరి మాట ఒకరికి వినపడదు. కానీ ట్రెస్సా వదిలిన సగం బిస్కెట్టు ఆ పక్కనుంచి మాయమవుతుంది. వచ్చే వారానికి ఒక బొమ్మల కాగితమో, రిబ్బనో, లెక్కల పరీక్షలో వచ్చిన మార్కుల చీటీయో గడ్డిలో ఉంటుంది. జుట్టుకి పెట్టుకునే ఆ ఆకుపచ్చ క్లిప్పు వారం ఇటు, వారం అటు.

వెర్నా పట్టీలో చివరి పేరు సిరాతో రాసింది. మిగతా పేర్లన్నీ పెన్సిలు.

"ట్రెస్సా."

"ఉన్నాను."

"జూనీ."

గడ్డి మీద ఒక చిన్న అరచెయ్యి అచ్చు పడేది. పేరు పిలిచింది వినపడకపోయినా, ఏడు గంటలకి చెయ్యి నొక్కాలని ట్రెస్సా చీటీ పంపింది. వెర్నా హాజరు వేసేది. నెలకోసారి కెండ్రా వచ్చి చూసి కింద సంతకం పెట్టేది. ఫైలు మూయడానికి ఆగస్టు వచ్చింది, పోయింది. రుజువులు ఇంకా అందుతున్నాయని కెండ్రా ప్రతి నెలా పైకి రాసింది. చలికాలంలో మంచు కురిసిన బుధవారాల్లో ఓరెన్ ఆ చదరం వరకే పారతో ఎత్తిపోసి, పాత కంబళి పరిచేవాడు.

ఏప్రిల్‌లో జడ్జి ముందు ఆ పుస్తకం పెట్టారు. ముప్ఫై అయిదు బుధవారాలు. ఆయన వేలితో ఒక్కొక్క గడీ దాటుకుంటూ వచ్చి ఒక చోట ఆగాడు.

"ఫిబ్రవరిలో ఒక రోజు జూనీ హాజరు లేదేం?"

"ఆ రోజు పిల్లకి జ్వరం," అంది వెర్నా. "రాని రోజు వచ్చినట్టు వేసే అలవాటు నాకు లేదు."

జడ్జి కళ్లజోడు పైనుంచి ఆవిణ్ణి చూశాడు. ఆయన వేరే ఊరి బళ్లో చదివాడు, అయినా కొంచెం నిటారుగా కూర్చున్నాడు. రీబాని ఒక మాట అడిగాడు, టాల్బర్ట్ దంపతులని ఒక మాట అడిగాడు. ట్రెస్సా గదిలో రెండో మంచం గోడ పక్కన ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. ఆ సంగతి ట్రెస్సాయే చెప్పింది, అడక్కుండానే, పైకి, అందరికీ వినపడేలా. జడ్జి సంతకం కోసం పెన్ను తీశాడు.

మే నెల చివరి బుధవారం మళ్లీ డేరాల పంపకం. శిబిరం ఈసారి కూడా అవతలి ఒడ్డునే. డ్వైట్ మార్చిలోనే ఫారాలు తెచ్చి బల్ల మీద పెట్టి, చూశారా అన్నట్టు నిలబడ్డాడు. చూశానంది వెర్నా. గ్రేడీ ఇంకా నిద్రలో పాడుతున్నాడు. రీబా దొడ్లోంచి తిరిగొచ్చిన కాన్వాసు గుడారం మళ్లీ మెట్ల కింద చుట్టి ఉంది. దాని మీద ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని కాళ్లు ఊపుతున్నారు.

వెర్నా పుస్తకం తెరిచి పేర్లు పిలిచింది. ట్రెస్సా పటం గీస్తూ తలెత్తకుండానే పలికింది. తర్వాత ఆవిడ అలవాటు కొద్దీ లేవబోయింది, మెట్లెక్కి వెనక పచ్చికలోకి వెళ్లడానికి. సగం లేచి ఆగి, మళ్లీ కూర్చుంది.

"జూనీ."

"ఉన్నాను," అంది ట్రెస్సా పక్క కుర్చీలోంచి ఒక గొంతు, మరీ గట్టిగా, నోట్లో బిస్కెట్టుతో.

వెర్నా వెంటనే హాజరు వేయలేదు. పెన్సిలు పట్టుకుని, ఆ పేరు ఇంకోసారి పిలిచింది.